చుట్టూ మూగేవాళ్ళతో మొదలుపెట్టండి: కాలేజీలో కొట్లాటలు, కులపు మాటలు తగ్గించే విద్యార్థి బృందాన్ని కట్టే పద్ధతి

కాలేజీ గేటు బయట గొడవైతే కొట్టుకునేది ఇద్దరే. చుట్టూ మూగేది నలభై మంది. ఫోన్లు పైకెత్తేది పదిమంది. ‘వెయ్ రా, వదలకు’ అని ఎగదోసేది నలుగురు. ఆ ఇద్దరిలో ఒకడికి లోపల భయంగానే ఉంటుంది, వెళ్ళిపోదామనే ఉంటుంది. ఇంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గితే రేపు క్లాసులో తల ఎత్తుకోలేనని ఆగిపోతాడు. మనం తర్వాత ఆ ఇద్దర్నీ సస్పెండ్ చేస్తాం, తల్లిదండ్రుల్ని పిలిపిస్తాం. ఆ నలభై మంది జోలికి మాత్రం పోం. వచ్చే వారం వాళ్ళే ఇంకో ఇద్దరి చుట్టూ నిలబడతారు.

కెనడాలో పరిశోధకులు బడి ఆటస్థలాల్లో వీడియో తీసి 2001లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒకణ్ణి వేధిస్తున్నప్పుడు తోటి పిల్లలు కల్పించుకున్న సందర్భాల్లో 57 శాతం చోట్ల పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. పది సెకన్లలో ఏ లెక్చరరూ స్టాఫ్ రూమ్ నుంచి గేటు దాకా రాలేడు. అక్కడున్న పిల్లలే ఉండాలి.

అందుకని ఈ మార్గదర్శి ఆ చుట్టూ ఉన్నవాళ్ళ గురించి. విజయవాడ, గుంటూరుల్లో 400 మంది దాకా చదివే హైస్కూలు గానీ జూనియర్ కాలేజీ గానీ మనసులో పెట్టుకుని రాసింది. బడులు జూన్ 12న తెరిస్తే ఆగస్టుకల్లా బృందం తయారవుతుంది, ఫిబ్రవరిలో పరీక్షల హడావుడి మొదలయ్యేదాకా పని చేస్తుంది. సంస్థ పెద్దదైతే సెక్షన్ల లెక్కన పెంచుకోండి. పద్ధతి మారదు.

యాజమాన్యంతో ముందే తేల్చుకోవాల్సినవి

నాలుగు విషయాలు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే మొదలుపెట్టకండి. సగంలో ఆపేస్తే పిల్లలకు జరిగే నష్టం అసలు పెట్టకపోవడం కంటే ఎక్కువ.

ఒకటి, వారానికి 45 నిమిషాలు టైమ్‌టేబుల్లో ఉండాలి. ‘ఖాళీ దొరికినప్పుడు’ అంటే ఎప్పుడూ దొరకదు. యూనిట్ టెస్టులు, వీకెండ్ టెస్టులు మింగేస్తాయి. రెండు, బాధ్యతగా ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒక మగ, ఒక ఆడ. ఇద్దరూ ఒకే కులం, ఒకే మతం కాకుండా చూసుకోండి. పిల్లలు ఈ లెక్క మొదటి రోజే వేస్తారు. డిసిప్లిన్ ఇన్‌చార్జి, ఫీజులు వసూలు చేసేవాళ్ళు ఇందులో వద్దు. లైబ్రేరియన్, పీఈటీ, ల్యాబ్ అసిస్టెంట్ లాంటి వాళ్ళ దగ్గర పిల్లలు బాగా మాట్లాడతారు. మూడు, తలుపు వేసుకోగలిగే గది ఒకటి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. బృందంలోని పిల్లల్ని ఎవరూ సమాచారం కోసం వాడుకోకూడదు. ‘సిగరెట్లు ఎవరు తాగుతున్నారో చెప్పు’ అని ప్రిన్సిపల్ ఒక్కసారి అడిగితే చాలు, వాళ్ళకు ‘చెంచా’ అన్న పేరు పడుతుంది. ఆ రోజుతో బృందం పని అయిపోయినట్టే.

గొడవలు ఎక్కడ పుడుతున్నాయో పటం గీయండి

ప్రాంగణం ప్లాను పెద్ద చార్టు మీద గీయండి. గేటు, సైకిల్ స్టాండు, మరుగుదొడ్లు, మెస్ క్యూ, మెట్ల కింద చోటు, ఆటోలు ఆగే మూల, బస్టాపు అన్నీ ఉండాలి. ప్రతి సెక్షన్‌కు చార్టు నకలు ఒకటి ఇచ్చి మూడు రంగుల బొట్టుబిళ్ళలు పంచండి. ఎరుపు: ఇక్కడ కొట్టుకుంటారు. నలుపు: ఇక్కడ మాటలంటారు. పచ్చ: ఇక్కడ హాయిగా ఉంటుంది. ఒక్కొక్కరికి రెండు ఎరుపు, రెండు నలుపు, ఒక పచ్చ. ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా పెట్టించండి, టీచర్ బయట ఉండాలి. ఆడపిల్లల చార్టులో నల్ల బొట్లు పడే చోట్లు మగపిల్లల చార్టులో ఖాళీగా కనిపిస్తాయి. కలిపి పెట్టిస్తే ఈ సంగతి బయటపడదు.

తర్వాత వేళలు రాయించండి. చాలాచోట్ల రెండే గంటలు తేలతాయి: మధ్యాహ్నం భోజనం బెల్లు, సాయంత్రం వదిలాక అరగంట. హాస్టళ్ళలో అయితే స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆపేదాకా. వీటికి కొన్ని తేదీలు కలపండి. కొత్త సినిమా విడుదల రోజు, వినాయక నిమజ్జనం, ఫ్రెషర్స్ డే, భారత్–పాకిస్తాన్ మ్యాచ్ మర్నాడు, ఎన్నికల సీజను, బ్యాచ్‌లో ఎవరిదైనా పుట్టినరోజు. ఈ తేదీలు ముందే తెలిసినవి కాబట్టి ముందే సిద్ధపడొచ్చు.

చార్టు చూడగానే కొన్ని పనులు యాజమాన్యమే చేయాల్సినవని తెలుస్తుంది. మెస్ క్యూ ఒక్కటే ఉంటే రెండు చేయడం, మరుగుదొడ్ల దారిలో లైటు వేయడం, సీనియర్లను జూనియర్లను పది నిమిషాల తేడాతో వదలడం. ఇవి ఆ వారమే చేయించండి. పిల్లలు పెట్టిన బొట్టుకు గోడ మీద బల్బు వెలిగిందంటే మిగతా పని మీద నమ్మకం కుదురుతుంది.

ఎవర్ని తీసుకోవాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. టాపర్లను, క్లాస్ లీడర్లను, స్టేజీ ఎక్కి బాగా మాట్లాడేవాళ్ళను తీసుకుంటారు. వాళ్ళు మంచి పిల్లలే. కానీ సైకిల్ స్టాండు దగ్గర వాళ్ళ మాట ఎవడూ వినడు. పైగా వాళ్ళు అక్కడికి వెళ్ళరు.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 56 మిడిల్ స్కూళ్ళలో 2012–13లో ఒక ప్రయోగం జరిగింది, ఫలితాలు 2016లో వచ్చాయి. ప్రతి బడిలో ఎవరు ఎవరితో తిరుగుతున్నారో పిల్లలనే అడిగి స్నేహాల వల గీశారు. కొన్ని బడుల్లో చిన్న గుంపును ఎంచి, తమ బడిలో గొడవలకు వ్యతిరేకంగా తామే ఏం చేయాలో ఆలోచించుకుని చేయమన్నారు. ఆ బడుల్లో విద్యార్థుల గొడవల మీద నమోదైన క్రమశిక్షణ కేసులు ఏడాదిలో 30 శాతం దాకా తగ్గాయి. చిన్న గుంపులో ఎక్కువమంది కళ్ళు పడే పిల్లలు ఎంతమంది ఉంటే ఫలితం అంత బాగుంది. అక్కడి బడులు వేరు, ఇక్కడి హాస్టళ్ళు వేరు. అంకె మనకూ అంతే వస్తుందని అనుకోకండి. ఎంచుకునే తీరు మాత్రం ఇక్కడికి బాగా సరిపోతుంది.

చీటీ ఇలా ఉండాలి: ‘గత రెండు వారాల్లో నువ్వు క్లాసు బయట ఎవరెవరితో ఎక్కువ గడిపావు? పది మంది దాకా రాయి. మన కాలేజీలో వాళ్ళే అయి ఉండాలి.’ అంతే. ‘మంచి లీడర్ ఎవరు’ అని అడగొద్దు, టాపర్ పేరే వస్తుంది. సెక్షన్ల వారీ రోల్ నంబర్ల పట్టిక ఇచ్చి నంబర్లు రాయమనండి, లెక్కపెట్టడం తేలిక. అన్ని సెక్షన్లలో ఒకే పీరియడ్‌లో జరగాలి. భోజనం తర్వాత ఇంకో సెక్షన్‌కు పెడితే మధ్యలో ప్రచారం జరిగిపోతుంది.

లెక్కపెట్టేది ఆ ఇద్దరు పెద్దలే. 400 చీటీలకు రెండు సాయంత్రాలు పడుతుంది. ప్రతి సెక్షన్‌లో ఆడపిల్లల వరస, మగపిల్లల వరస వేరుగా వేసి, ఎక్కువసార్లు వచ్చిన నంబర్లు రెండేసి తీయండి. పది సెక్షన్లయితే నలభై పేర్లు. అందులోంచి 28 నుంచి 32 మంది చాలు. వీళ్ళనే ఇకపై లీడర్లు అందాం. ఆ జాబితా పట్టుకుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. హాస్టల్ పిల్లలు, ఇంటి నుంచి వచ్చేవాళ్ళు ఇద్దరూ ఉన్నారా? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారా? బయట ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళు ఉన్నారా? ఎప్పుడూ ఒకే బెంచీలో కూర్చునే ఒక బ్యాచ్ నుంచి ముగ్గురికి మించి వచ్చారా? ఖాళీ కనిపించిన చోట జాబితాలో తర్వాతి నంబరు తీసుకోండి, మీకు నచ్చిన పేరు కాదు.

అల్లరివాడి పేరు పైన వస్తుంది. స్టాఫ్ రూమ్‌లో ‘వాడా? వాడేంటండీ!’ అంటారు. ఆ పేరు కొట్టేయకండి. వాడి వెనక పదిహేను మంది తిరుగుతున్నారంటే వాడు మారితే పదిహేను మంది చూస్తారు. కానీ హద్దు ఒకటుంది. దూకుడు పిల్లల్ని మాత్రమే ఒక గుంపుగా చేసి కౌన్సెలింగ్ ఇస్తే వాళ్ళ దూకుడు ఇంకా పెరగొచ్చని 1990ల చివర్లో అమెరికన్ పరిశోధకులు గమనించారు. ఒకడి ఘనకార్యం ఇంకొకడు విని నవ్వడమే అక్కడ శిక్షణ అయిపోతుంది. అందుకని ముప్పై మందిలో అలాంటివాళ్ళు నలుగురికి మించొద్దు, నలుగురూ వేర్వేరు చిన్న గుంపుల్లో ఉండాలి.

ఇంటికి ఉత్తరం

తెలుగులో, ఒక పేజీ మించకుండా రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరు చూసుకుంటారు, మార్కుల మీద ప్రభావం ఉండదు, ఎప్పుడైనా మానేయొచ్చు. ఈ వాక్యం తప్పకుండా ఉండాలి: ‘మీ అబ్బాయి/అమ్మాయి కొట్లాట మధ్యలోకి వెళ్ళాల్సిన అవసరం ఏ పరిస్థితిలోనూ లేదు.’ తల్లుల మొదటి భయం అదే. ఆ భయం న్యాయమైనది. ఉత్తరం మీద సంతకం వచ్చినా ఆ ఇంటికి ఒకసారి ఫోన్ చేయండి, చదువురాని తల్లిదండ్రులకు సంతకం పిల్లలే పెట్టేస్తుంటారు.

పన్నెండు గంటల శిక్షణ

ఆరు శనివారాలు, రెండేసి గంటలు. రెండు రోజులు ఏకబిగిన పెడితే తేలికే గానీ, వారం మధ్యలో చేసి చూసి వచ్చి మాట్లాడుకునే అవకాశం పోతుంది.

మొదటి శనివారం మీరు మాట్లాడకండి. పటం చార్టులు గోడకు పెట్టి ‘ఇది మీరు గీసిందే, ఇందులో మనం మార్చగలిగింది ఏది?’ అని అడిగి వినండి. ఎజెండా వాళ్ళదైతేనే బయట వాళ్ళు దాన్ని మోస్తారు. చివర్లో రహస్యం నియమం చెప్పండి. ఈ గదిలో విన్నది బయటికి పోదు. మూడింటికి మాత్రం ఈ నియమం వర్తించదు: ప్రాణం మీదికి వచ్చేది, ఒంటి మీద చెయ్యి వేసేది, ఆయుధం. ఈ మూడూ అదే రోజు పెద్దలకు చేరాలి. ముందే చెప్పకుండా తర్వాత బయటపెడితే మోసం చేసినట్టు ఉంటుంది.

రెండు, మూడు శనివారాలు పూర్తిగా అభ్యాసం. గొడవ రాజుకుంటున్నప్పుడు తోటివాడు చేయగలిగినవి ఏమిటి? అన్నిటికంటే బాగా పనిచేసేది దారి మళ్ళించడం. ‘రేయ్ మామా, సార్ నిన్నే పిలుస్తున్నారు, రా.’ ‘బాబాయ్, బస్సు వెళ్ళిపోద్ది, తర్వాత చూసుకుందువు గానీ పద.’ ఇందులో ఎవరి పరువూ పోదు, వెనక్కి తగ్గేవాడికి వంక దొరుకుతుంది. ‘కొట్టుకోవడం తప్పు’ అన్న మాట ఆ క్షణంలో పనికిరాదు, ఇంకా రెచ్చగొడుతుంది. రెండోది చూసేవాళ్ళను తగ్గించడం. కొట్టుకునేవాళ్ళ దగ్గరికి పోకుండా చుట్టూ ఉన్న తన నలుగురు స్నేహితుల భుజం మీద చెయ్యి వేసి ‘పదండ్రా, టీ తాగుదాం’ అని తీసుకెళ్ళడం. ఒక్కొక్కరు నలుగురిని తీసుకెళ్తే అయిదుగురు లీడర్లతో గుంపు సగం పలచబడుతుంది. ఫోన్ ఎత్తినవాడి చెయ్యి మెల్లగా దించడం కూడా ఇందులోదే. మూడోది తర్వాతి పలకరింపు. మాట పడ్డవాడి పక్కన ఆ మధ్యాహ్నం కూర్చుని భోజనం చేయడం. ఇది అందరికీ చేతనవుతుంది. మిగతావి చేయలేని మెతక పిల్లలకు ఇదే పెద్ద పని.

అభ్యాసం ఆరుగురి గుంపుల్లో జరగాలి. ఒక్కో సన్నివేశం నాలుగు నిమిషాలు: ఒక నిమిషం ఆడటం, ఒక నిమిషం ‘ఎక్కడ బిగుసుకుంది?’ అని మాట్లాడటం, మళ్ళీ ఆడటం, మళ్ళీ మాట్లాడటం. మొదటిసారి మాట నోట్లోంచి రాదు. రెండోసారి వస్తుంది. నాలుగైదు సార్లు నోటితో అన్న మాటే నిజం గొడవలో నోటికి అందుతుంది, చదివిన మాట అందదు. రెండు జాగ్రత్తలు. వేధింపులకు గురైన పిల్లాడికి ఆ పాత్రే ఇవ్వకండి. కులం పేర్లు, మతం తిట్లు నిజంగా పలికించకండి, ‘ఆ మాట’ అని అనిపిస్తే చాలు. నటన అనుకున్నా ఆ గదిలో ఎవరికో అది గుచ్చుకుంటుంది.

నాలుగో శనివారం హద్దులకు: కత్తి, బ్లేడు, కర్ర, హాకీ స్టిక్, బయటి బ్యాచ్, తాగి ఉన్నవాళ్ళు. వీటిలో ఏది కనిపించినా లీడర్ పని ఒక్కటే, తను దూరం జరిగి, తనవాళ్ళను దూరం జరిపి, ఫోన్ చేయడం. ఈ మాట ప్రతి వారం మళ్ళీ చెప్పండి. హీరోయిజం వయసు అది. అయిదో శనివారం ఇద్దర్ని కూర్చోబెట్టే పద్ధతికి, ఆరోది ఏడాది ప్రణాళికకు.

ఇద్దర్ని కూర్చోబెట్టడం

ముందు ఇది గొడవా, వేధింపా అని తేల్చుకోండి. సమానమైన ఇద్దరి మధ్య పుట్టింది గొడవ. ఒకడు రోజూ అంటుంటే ఇంకొకడు రోజూ పడుతుంటే అది వేధింపు. వేధింపులో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘రాజీ’ చేయకూడదు. పడ్డవాడు భయంతో సరేనంటాడు, అన్నవాడు బయటికొచ్చి ఇంకా అంటాడు. అది పెద్దల పని.

గొడవే అయితే మర్నాటి దాకా ఆగండి. రక్తం చల్లబడాలి. ఇద్దరి బ్యాచ్‌లకూ చెందని ఇద్దరు లీడర్లు, బయట వరండాలో ఒక పెద్ద. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా మూలగా వేయండి, కళ్ళలోకి కళ్ళు పెట్టి చూడాల్సిన అవసరం తప్పుతుంది. మంచినీళ్ళు పెట్టండి. ఫోన్లు బయట. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, అడ్డం రాకుండా. తర్వాత ఎదుటివాడు ఏమన్నాడో తన మాటల్లో చెప్పాలి. ఇక్కడ చాలాసార్లు నవ్వు వస్తుంది, ఎందుకంటే సగం గొడవ మూడోవాడు మోసిన మాట మీద నిలబడి ఉంటుంది. చివరి ప్రశ్న: ‘ఏం జరిగితే నీకు సరిపోద్ది?’ ఒప్పందం మూడు వాక్యాలు, అందులో ఒకటి ‘బయట అడిగితే ఇద్దరం ఏం చెబుతాం’ అన్నది. మొత్తం 25 నిమిషాలు. మూడు రోజులకు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి ‘ఎలా ఉంది?’ అని అడగాలి. బలవంతపు సారీ, షేక్‌హ్యాండ్ ఇప్పించి ఫోటో తీయడం ఈ పనిని చెడగొడతాయి.

‘మీరేమిట్లు?’

మన జిల్లాల్లో కులం తెలుసుకోవడానికి కొత్త స్నేహితుణ్ణి మూడో మాటగా అడిగే ప్రశ్న ఇది. నేరుగా అడగనివాళ్ళు ఇంటిపేరు అడుగుతారు, ఊళ్ళో ఇల్లు ఏ వైపో అడుగుతారు, ఏ హీరో ఫ్యానో అడిగి లెక్కగడతారు. అక్కణ్ణుంచి బెంచీలు, బ్యాచ్‌లు, వాట్సాప్ గ్రూపులు విడిపోతాయి. 1988 డిసెంబరు 26న కాపు నాయకుడు, బెజవాడ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య తర్వాత బెజవాడ ఎలా తగలబడిందో ఇళ్ళలో పెద్దలకు ఇంకా గుర్తే. ఆ రోజుకు పుట్టని పిల్లలు ఆ పక్షాలు మోస్తూ కాలేజీకి వస్తున్నారు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991లో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్ళింది. కాలు ఎవరికైనా తగులుతుంది. అది ఎవరి కాలు అన్న లెక్కే అక్కడ ప్రాణాలు తీసింది.

ఈ అధ్యాయాన్ని ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. తరగతిలో ఉన్న ఒకరిద్దరు దళిత, ముస్లిం, గిరిజన పిల్లల్ని లేపి ‘మీ అనుభవాలు చెప్పండి’ అనడం మరీ అన్యాయం. ముందు సంస్థే చేస్తున్న తప్పులు దిద్దాలి. స్కాలర్‌షిప్ ఫారాలకు ‘ఎస్సీ, బీసీ పిల్లలు లేచి నిలబడండి’ అని క్లాసులో పిలవడం ఇవాళే ఆపించండి. రోల్ నంబర్లతో ఆఫీసుకు విడిగా కబురు పంపితే సరిపోతుంది. ‘రిజర్వేషన్ సీటు’ అన్న మాట ఏ లెక్చరర్ నోటా రాకూడదు. నల్లగా ఉన్నవాళ్ళ మీద, లావుగా ఉన్నవాళ్ళ మీద, పల్నాడు యాస మీద, తెలుగు మీడియం ఇంగ్లీషు మీద స్టాఫే జోకులు వేస్తుంటే ముప్పై మంది లీడర్లు ఏం చేయగలరు?

తర్వాత కలపడం. ఊరికే పక్కపక్కన కూర్చోబెడితే విద్వేషం పోదు. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త నాలుగు షరతులు చెప్పాడు: కలిసినప్పుడు ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, ఒకరి సాయం లేకుండా ఇంకొకరికి పని జరగకూడదు, పైవాళ్ళ మద్దతు ఉండాలి. ఈ నాలుగూ ఒక్క పీరియడ్‌లో కుదిరే పద్ధతిని 1971లో ఎలియట్ ఆరన్సన్ టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టాడు. అప్పుడే నల్లజాతి, తెల్లజాతి, లాటినో పిల్లల్ని ఒకే తరగతిలో కూర్చోబెడుతున్న రోజులవి.

మన తరగతిలో ఇలా చేయొచ్చు. 42 మంది ఉంటే లాటరీ తీసి ఆరుగురేసి ఏడు గుంపులు. పాఠం ప్రకాశం బ్యారేజీ అనుకుందాం. ఆరు ముక్కలు చేయండి: 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, దాని కాలవలు, డెల్టా పంటలు, 1952లో ఆనకట్ట తెగడం, 1957లో పూర్తయిన బ్యారేజీ, ఇప్పటి వరదలు. గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. ఒకే ముక్క వచ్చిన ఏడుగురు ముందు ఒకచోట కూడి 12 నిమిషాలు చదువుకుంటారు. తర్వాత సొంత గుంపులోకి వచ్చి మిగతా అయిదుగురికి మూడేసి నిమిషాల్లో చెబుతారు. చివరి పది నిమిషాలు పరీక్ష, ఎవరి మార్కులు వాళ్ళవే. పక్కవాడు చెప్పింది వినకపోతే ఆరింట అయిదు వంతులు పోయినట్టే. వారానికి ఒక పీరియడ్, కనీసం ఎనిమిది వారాలు అవే గుంపులు. గుంపు కుదిరేది మూడో వారం నుంచి. రెండు వారాలకే మార్చేస్తే ఏమీ మిగలదు. చదవడం రాక తడబడే పిల్లాడి ముక్క ముందు రోజే ఇచ్చేయండి, అందరి ముందు అవమానం కాకుండా.

భోజనం సంగతి. నాస్తికవాది గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టి 1947లో విజయవాడ పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం సహపంక్తి భోజనాలు జరిపిన నేల ఇది. ఏడాదికోసారి బ్యానర్ కట్టి, ఫోటోలు తీసే భోజనం వద్దు. లీడర్లు ప్రతి బుధవారం తమ రోజూ చోటు వదిలి వేరే బ్యాచ్ పక్కన క్యారియర్ విప్పితే చాలు. పంచుకోవడం బలవంతం చేయకండి, తిండి అలవాట్ల మీద జోకులు రాకుండా మాత్రం కాపలా ఉండాలి. క్రికెట్, కబడ్డీ జట్లు ఎప్పుడూ లాటరీతోనే వేయండి. కెప్టెన్లు కోరుకునే పద్ధతిలో కులం, బ్యాచ్ అన్నీ తిరిగి వచ్చేస్తాయి, చివర మిగిలినవాడు రోజూ ఒక్కడే అవుతాడు.

న్యూజెర్సీ పిల్లలు ఎవరైనా గొడవ ఆపితే వాళ్ళకు నారింజ రంగు పట్టీ చేతికి కట్టేవాళ్ళు. ఈ ఆలోచన మంచిది, ఎందుకంటే గుర్తు లీడర్‌కు కాకుండా మంచి పని చేసినవాడికి దక్కుతుంది. లీడర్లకు బ్యాడ్జీలు ఇస్తే వాళ్ళు చిన్న పోలీసులైపోతారు. ఇక్కడ పట్టీలు చేయించేటప్పుడు రంగు చూసుకోండి, మన దగ్గర రంగుకో పార్టీ, రంగుకో మతం ఉంది. వంకాయ రంగు గానీ బూడిద రంగు గానీ ఎంచుకుంటే గోల ఉండదు.

ఫోన్

ఇప్పుడు గొడవ ముందు రాత్రి పది గంటలకే మొదలవుతుంది. ఇన్‌స్టా స్టోరీలో పేరు చెప్పకుండా ఒక మాట, దాని కింద నవ్వులు, ఆపైన ‘రేపు 4కి గ్రౌండ్‌కి రా’. లీడర్లకు నాలుగు పనులు. తను ఆ పోస్టుకు నవ్వు బొమ్మ పెట్టకపోవడం. అన్నవాడికి గ్రూపులో కాకుండా విడిగా ‘తీసెయ్ మామా’ అని మెసేజ్ పెట్టడం. టైము, చోటు చెప్పిన సవాలు కనిపిస్తే ఆ రాత్రే పెద్దకు తెలియజేయడం. కొట్లాట వీడియో వస్తే ఫార్వర్డ్ చేయకుండా తీసేయడం, తన దగ్గరివాళ్ళ చేత తీసేయించడం.

అమ్మాయిల ఫోటోలు, వీడియోల విషయంలో పిల్లలకు స్పష్టంగా చెప్పాల్సింది ఒకటుంది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ అశ్లీల చిత్రాన్ని ‘సాక్ష్యం’ కోసమని దాచుకోవడం కూడా చిక్కుల్లో పడేస్తుంది. కాపీ చేయొద్దు. ఏ అకౌంటు, ఏ టైము అన్నది కాగితం మీద రాసుకుని వెంటనే పెద్దకు చెప్పాలి. సైబర్ నేరాల నంబరు 1930.

పెద్దల చేతికి వెళ్ళాల్సినవి

కొన్ని విషయాల్లో పిల్లల బృందానికీ, ప్రిన్సిపల్ గదిలో రాజీకీ చోటు లేదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి, దాచిపెట్టడం నేరం. ఎస్సీ, ఎస్టీ విద్యార్థిని ఆ వర్గాలకు చెందనివాళ్ళు నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ విద్యార్థి, ఆ కుటుంబం తేల్చుకోవాలి. వద్దని ఒత్తిడి తేకూడదు. ర్యాగింగ్‌కు మన రాష్ట్రంలో 1997 చట్టం ఉంది, ఫిర్యాదు అందాక చర్య తీసుకోని సంస్థ అధిపతి కూడా ప్రోత్సహించినట్టే లెక్క. డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలకు 2009 యూజీసీ నిబంధనలు అదనం. కేసులో చిక్కుకున్న మైనర్ పేరు, ఫోటో బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం నిషేధిస్తుంది. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా అందులోకే వస్తుందని గుర్తుంచుకోండి.

నంబర్లు గోడ మీద, మరుగుదొడ్ల తలుపు లోపలి వైపు కూడా అంటించండి, ఎందుకంటే ఎవరూ చూడకుండా రాసుకునే చోటు అదొక్కటే. పోలీస్ 112, పిల్లల సహాయం 1098, మహిళల సహాయం 181, మానసిక సహాయం టెలీ మానస్ 14416, ర్యాగింగ్ 1800-180-5522.

చచ్చిపోతానన్న మాట ఎవరి నోట విన్నా, నవ్వుతూ అన్నా, అదే రోజు పెద్దకు చెప్పాలి. ఆ పిల్లాణ్ణి ఒంటరిగా వదలకూడదు. కార్పొరేట్ హాస్టళ్ళలో పరీక్షల ముందు వారాలు, ఫలితాల రోజు ఈ విషయంలో మరీ జాగ్రత్త. ఇలాంటి మాట విన్న లీడర్‌తో కూడా ఆ సాయంత్రం పెద్ద ఒకరు కూర్చుని మాట్లాడాలి. ఆ భారం పదహారేళ్ళవాడు ఒక్కడే మోయలేడు.

లెక్క ఎలా చూడాలి

ఆఫీసు రిజిస్టర్‌లో కేసులు, ఏడాదిలో మూడుసార్లు పేరు లేని చీటీ, జూలైలోనూ ఫిబ్రవరిలోనూ బొట్ల పటం. చీటీలో అయిదు ప్రశ్నలు చాలు: గత నెలలో నిన్ను ఎవరైనా కొట్టారా? కులం, మతం, రంగు, ఊరు మీద మాట పడ్డావా? ఎవరైనా ఆపడానికి వచ్చారా? నువ్వు ఎవరినైనా ఆపావా? రావడానికి భయపడే చోటు ఏది? జూలై, నవంబరు, ఫిబ్రవరిలో అవే ప్రశ్నలు, ఒక్క అక్షరం మార్చకుండా.

మొదటి మూడు నెలల్లో ఫిర్యాదులు పెరుగుతాయి. యాజమాన్యం కంగారుపడుతుంది. ఇంతకాలం చెప్పుకోలేనివాళ్ళు ఇప్పుడు చెప్పుకుంటున్నారు, అంతే. ఈ మాట జూన్‌లోనే వాళ్ళకు చెప్పి ఉంచండి. చూడాల్సింది మూడో ప్రశ్న: ‘ఆపడానికి వచ్చారు’ అన్న జవాబులు నవంబరుకు పెరగకపోతే లీడర్ల ఎంపిక తప్పిందని అర్థం. కొత్త చీటీ తీసి పదిమందిని మార్చండి.

వారపు 45 నిమిషాలు ఇలా గడపండి. పదిహేను నిమిషాలు ఎవరు ఏం చూశారు, పేర్లు లేకుండా. ఇరవై నిమిషాలు ఈ వారం కుదరని ఒక సన్నివేశం మళ్ళీ ఆడటం. మిగతాది వచ్చే వారం తేదీల మీద. లీడరే కొట్లాటలో దిగితే తీసేయకండి, రెండు వారాలు ఆపి, అందరిలాగే శిక్ష వేసి, తిరిగి రమ్మనండి. వెనక్కి వచ్చిన లీడర్‌ను మిగతావాళ్ళు చాలా శ్రద్ధగా చూస్తారు.

వచ్చే ఏటికి

సెకండియర్, పదో తరగతి పిల్లలు ఫిబ్రవరికి వెళ్ళిపోతారు. అందుకే బృందంలో మూడో వంతు మొదటి ఏడాది వాళ్ళో తొమ్మిదో తరగతి వాళ్ళో ఉండాలి. జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత సమావేశాలు వాళ్ళ చేత నడిపించండి. పెద్దలు పక్కన కూర్చోవాలి, మాట్లాడకూడదు. పేర్లున్న కాగితాలు, స్నేహాల చీటీలు ఏడాది చివర చింపేయండి. పటాలు మాత్రం దాచి కొత్తవాళ్ళకు ఇవ్వండి.

జూన్‌లో గేటు తెరిచే రోజు మిగిలిన ఆ పదిమందీ ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. కొత్తగా దిగిన పిల్లలకు మంచినీళ్ళు ఎక్కడో, సాయంత్రం బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి, మధ్యాహ్నం ఒంటరిగా క్యారియర్ పట్టుకు నిలబడ్డవాళ్ళను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి.